నాన్న మౌత్‌పీస్ వదలాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది తెనాలి. మా నాన్న పాతికేళ్లు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించారు, పళ్లు ఊడాక మానేశారు. నేను రెండేళ్ల కింద కొత్త యమహా విద్యార్థి క్లారినెట్ కొనుక్కుని నేర్చుకుంటున్నాను. ఆదివారం చర్చిలో కీబోర్డుతో కలిసి వాయిస్తాను. క్లారినెట్‌తో వచ్చిన 4సి మౌత్‌పీస్ శబ్దం పీలగా ఉందనిపించి, ఏడాదిగా నాన్న పాత నల్ల మౌత్‌పీస్ పెట్టుకుంటున్నాను. శబ్దం నిండుగా ఉంది కానీ పై స్వరాలు పలకవు, పలికితే కీచుమంటాయి. అరగంటకే కింది పెదవి లోపల పుండు పడుతోంది. చర్చిలో శ్రుతి కలవడం లేదంటున్నారు. ఆన్‌లైన్‌లో నేర్పే మాస్టారు వాన్‌డోరెన్ కంపెనీ బి45 మౌత్‌పీస్ కొనమన్నారు, హైదరాబాద్‌లో ఫ్రెండు తన పాత ఎం30 ఇస్తానంటున్నాడు. ఒక్కటే కొనగలను. ఏది తీసుకోమంటారు?

జవాబు:

తమ్ముడూ, ఆ రెండిట్లో ఏదీ ఇప్పుడే తీసుకోకు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మౌత్‌పీస్ పేర్లు మూడు ఉన్నాయి, క్లారినెట్ పేరు ఉంది, నీ పెదవి పుండు కూడా ఉంది, రీడ్ మాట, మౌత్‌పీస్‌కు బిగించే ఆ పలుచటి రెల్లు ముక్క మాట, మాత్రం ఒక్కసారి కూడా లేదు. ఏ కంపెనీ రీడ్ వాడుతున్నావు, ఎంత నంబరు, ఎన్నాళ్లయింది పెట్టి? అది తెలియకుండా మౌత్‌పీస్ గురించి ఎవరు ఏం చెప్పినా ఊహే. సన్నాయి వాయించేవాళ్లను చూసే ఉంటావు కదా, వాయిద్యానికి పీకలు, అంటే వాళ్ల రీడ్‌లు, దండగా కట్టి వేలాడదీసుకుంటారు, కచేరీ మధ్యలో ఒకటి తీసి ఇంకొకటి పెడతారు. సన్నాయి ఎంత మంచిదైనా పీక కుదరకపోతే పాట లేదని వాళ్లకు తెలుసు. మనకూ అంతే. క్లారినెట్‌లో ఊగేది రీడ్ ఒక్కటే. పియానో మీద మధ్యలో ఉండే ‘ఎ’ స్వరం పలికితే ఆ రెల్లు ముక్క సెకనుకు 440 సార్లు మౌత్‌పీస్ వైపు మూసుకుని తెరుచుకుంటోందన్నమాట. అది ఎంత మేర వంగాలి, ఎంత దూరం కదలాలి అన్నది నిర్ణయించేది మౌత్‌పీస్. ఒకదాన్ని వదిలేసి ఇంకొకదాన్ని ఎంచుకోవడం కుదరదు, రెండూ జంటగానే రావాలి.

అందుకని ముందు ఇది చెయ్యి. కొత్త రీడ్‌లు నాలుగు తీసుకో, నంబరు 2.5 (అంకె పెరిగే కొద్దీ రీడ్ గట్టిది), మంచి కంపెనీవి. నాలుగిటి మీదా పెన్సిల్‌తో అంకె వేసి రోజుకొకటి మార్చి వాడు. మొదటి రోజు పది నిమిషాలు, తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ. ఒకే రీడ్‌ను రెండు మూడు నెలలు ఊదుతూ పోతే అది రోజూ కొంచెం కొంచెం చస్తుంది, నీ నోరు కూడా రోజూ కొంచెం కొంచెం గట్టిగా నొక్కడం అలవాటు చేసుకుంటుంది, ఆ మార్పు నీకు తెలియదు. వాయించడం అయ్యాక రీడ్ తీసి తుడిచి చదునైన కేసులో పెట్టాలి, మౌత్‌పీస్ మీదే వదిలేస్తే కొన అలలు అలలుగా వంగిపోతుంది.

ఆ తర్వాత క్లారినెట్‌నే ఒకసారి అనుమానించాలి. పై ముక్క ఒక్కటీ విడదీసి, బెజ్జాలన్నీ వేళ్లతో మూసి, కింది కొసను అరచేత్తో మూసి, పై నుంచి గాలి పీల్చు. రెండు మూడు సెకన్లు లోపల గాలి లాగి పట్టినట్టు ఉండాలి. వెంటనే వదిలేస్తే ఎక్కడో ప్యాడ్, అంటే కీ కింద బెజ్జాన్ని మూసే మెత్త, కారుతోంది. ప్యాడ్ కారే క్లారినెట్‌కు ప్రపంచంలో ఏ మౌత్‌పీస్ పెట్టినా కీచు పోదు. నాకు తెలిసినవాళ్లలో కనీసం ముగ్గురు కొత్త మౌత్‌పీస్ కొన్నాక కానీ ఈ సంగతి కనుక్కోలేదు. రిపేరు చేయించడానికి అయ్యే ఖర్చు మౌత్‌పీస్ ధరతో పోలిస్తే తక్కువ.

ఇక మీ నాన్నగారి మౌత్‌పీస్. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నీ కష్టంలో పెద్ద వంతు అక్కడే ఉందని నా నమ్మకం, దాన్ని పక్కన పెట్టడం నీకు మనసుకు కష్టమని కూడా తెలుసు.

పాతికేళ్ల కిందటి మన బ్యాండు మేళాల్లో వాడిన క్లారినెట్లు ఎక్కువగా పాత సింపుల్ సిస్టమ్‌వి, ఆల్బర్ట్ సిస్టమ్ అని కూడా అంటారు. మీరట్‌లో తయారైనవి ఊరూరా ఉండేవి. అక్కడి జాలీ కోఠీ వీధి బ్యాండు వాయిద్యాలకు ఇప్పటికీ పేరున్న చోటు, నాదిర్ అలీ కంపెనీ 1885 నుంచి అక్కడ ఉంది. నీ యమహా బోమ్ సిస్టమ్‌ది. వేళ్ల పట్టు వేరు కావడమే కాదు, లోపలి గొట్టం కొలత కూడా వేరు కావచ్చు. ఇప్పటి క్లారినెట్ల గొట్టం వ్యాసం సుమారు 14.6 నుంచి 14.8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. పాత ఇంగ్లీషు వాయిద్యాల్లో అంతకంటే వెడల్పువి ఉన్నాయి. బూసీ అండ్ హాక్స్ వాళ్ల 1010 అనే మోడల్‌ది సుమారు 15.2 మిల్లీమీటర్లు, దానికి దాని సొంత మౌత్‌పీసే పెట్టాలి, మామూలుది పెడితే శ్రుతి చెదిరిపోతుంది. అలా వేరే గొట్టం కోసం చేసిన మౌత్‌పీస్‌ను నీ యమహాకు తగిలిస్తే ఏమవుతుందంటే, లోపల ఖాళీ ఎక్కువై స్వరాలన్నీ సమానంగా దిగవు. గొట్టం పొట్టిగా ఉన్నప్పుడు పలికేవి, అంటే పై వేళ్ల స్వరాలు ఎక్కువ దిగుతాయి, కిందివి తక్కువ దిగుతాయి. బారెల్‌ను, అంటే మౌత్‌పీస్ కిందనే ఉండే పొట్టి గొట్టాన్ని, లోపలికి నొక్కినా బయటికి లాగినా అది సరికాదు, ఒకచోట కలిస్తే ఇంకోచోట విడిపోతుంది. చర్చిలో వాళ్లు అంటున్న శ్రుతి గొడవకు ఇదే కారణం అయ్యే అవకాశం చాలా ఉంది. కీబోర్డు తప్పు కాదు, నీ చెవి తప్పూ కాదు.

మీ ఇంట్లో నాన్నగారి పాత క్లారినెట్ ఇంకా ఉంటే దాని మీద హెచ్.పి. అని గానీ ఎల్.పి. అని గానీ చెక్కి ఉందేమో చూడు. ఎల్.పి. అంటే లో పిచ్. హెచ్.పి. అంటే హై పిచ్, వంద నూటయాభై ఏళ్ల కిందట ఇంగ్లీషు బ్యాండ్లు ఇప్పటి 440కి బదులు 452 దగ్గర ‘ఎ’ పెట్టుకుని వాయించిన రోజులది. ఆ హెచ్.పి. వాయిద్యాన్ని ఇప్పటి కీబోర్డుతో కలపడం మర్చిపోవాల్సిందే.

ఇప్పుడు ఆ మౌత్‌పీస్‌ను వెలుతురులో పట్టుకుని చూడు. రీడ్ ఆనే చదునైన భాగాన్ని టేబుల్ అంటారు. దాన్ని అద్దం ముక్క మీద మెల్లగా ఆనించి చూస్తే ఊగుతోందా, మధ్యలో సందు ఉందా తెలుస్తుంది. మౌత్‌పీస్‌లో రీడ్ కప్పే బెజ్జాన్ని కిటికీ అంటారు, దానికి రెండు పక్కలా సన్నటి అంచులుంటాయి, రెయిల్స్ అంటారు, అవి రెండూ ఒకే వెడల్పులో కొన దాకా పోవాలి. కొన దగ్గర వెంట్రుకంత నొక్కు ఉన్నా కీచు ఖాయం. గోటిని కొన మీద మెల్లగా అడ్డంగా పోనిస్తే కంటికి కనిపించని నొక్కు కూడా తగులుతుంది. తర్వాత రీడ్ పెట్టి లిగేచర్ (రీడ్‌ను పట్టి ఉంచే పట్టీ) బిగించి, వెనక బెజ్జం అరచేత్తో మూసి, నోటితో గాలి పీల్చి వదిలిపెట్టు. రీడ్ ఒక సెకను మూసుకుని ఉండి ‘టప్’ మని తెరుచుకోవాలి. నాలుగు మంచి రీడ్‌లు మార్చి చూసినా ఆ ‘టప్’ రాకపోతే ఆ మౌత్‌పీస్ వంగిపోయింది లేదా అరిగిపోయింది. ఎబొనైట్ చాలా మొండి పదార్థమే, అయినా ఎండలో పెట్టిన పెట్టెలోనో వేడి నీళ్లలోనో పడితే వంగుతుంది. నల్లగా ఉండాల్సింది పచ్చగా గోధుమరంగుగా మారి, రబ్బరు, గంధకం వాసన వస్తోందంటే వేడిగానీ వెలుతురుగానీ బాగా తగిలిందని గుర్తు.

అది వంగిందని తేలితే దయచేసి ఎమరీ కాగితం పట్టుకుని నువ్వే రుద్దకు. నేను ఇరవై ఏళ్ల వయసులో ఆ పని చేశాను. అద్దం మీద ఎమరీ కాగితం పరిచి, నాకు ఎంతో ఇష్టమైన మౌత్‌పీస్‌ను నాలుగంటే నాలుగు రుద్దులు రుద్దాను, దాని గొంతు పోయింది, మళ్లీ రాలేదు. ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది. ఆ వంపును గాజు గేజితో, 0.0015 అంగుళాల పలుచటి రేకుతో కొలిచి సరిచేస్తారు తెలిసినవాళ్లు. చేత్తో అందాజుగా చేసే పని కాదు.

మౌత్‌పీస్ కొలతల్లో నువ్వు తెలుసుకోవాల్సినవి నిజానికి రెండే. ఒకటి కొన తెరుపు, అంటే రీడ్ కొసకూ మౌత్‌పీస్ కొసకూ మధ్య సందు. రెండోది వంపు పొడవు, అంటే రీడ్ మౌత్‌పీస్ నుంచి ఎక్కడ విడిపోవడం మొదలవుతుందో అక్కడి నుంచి కొస దాకా. నీ యమహా 4సి తెరుపు 1.05 మిల్లీమీటర్లు, వంపు 19 మిల్లీమీటర్లు. వాన్‌డోరెన్‌లో ఎం13 లైర్ 1.02, 5ఆర్‌వి లైర్ 1.09, మీ ఫ్రెండు ఇస్తానన్న ఎం30 1.15, మీ మాస్టారు చెప్పిన బి45 1.195. జాజ్ వాళ్లు వాడే 5జేబీ అయితే ఏకంగా 1.47. నీ 4సికీ బి45కీ మధ్య తేడా లెక్కేస్తే ఒకటిన్నర జెరాక్స్ కాగితం మందం అంతే! ఆ కాస్త తేడాకే పెదవి పుండు పడటం, పడకపోవడం తేలిపోతుంది.

తెరుపు ఎక్కువైతే రీడ్ ఎక్కువ దూరం కదలాలి కాబట్టి మెత్తటి రీడ్ కావాలి. తక్కువైతే గట్టి రీడ్ తట్టుకుంటుంది, పైగా కావాలి కూడా, లేదంటే గట్టిగా ఊదగానే మూసుకుపోతుంది. ఎక్కువ తెరుపు మీద గట్టి రీడ్ పెట్టినవాడు కింది దవడతో కొరికి కొరికి మూయాల్సి వస్తుంది. నీ పుండుకు కారణం ఇదేనని దాదాపు ఖాయంగా చెప్పగలను. మీ నాన్నగారు వీధిలో, డప్పులూ ట్రంపెట్లూ మోగుతుంటే వాటి మీదుగా వినిపించాలి కాబట్టి బాగా తెరుపున్న మౌత్‌పీస్ పెట్టుకుని ఉంటారు. ఆయనకు రోజూ నాలుగైదు గంటలు ఊరేగింపుల్లో ఊది ఊది వచ్చిన నోటి పట్టు ఉంది, దమ్ము ఉంది. నీకు రెండేళ్లే. ఆయన్ని అడుగు, ఎంత నంబరు రీడ్ వాడేవారో. ఒకటిన్నర, రెండు అంటే నేను ఆశ్చర్యపోను.

లోపలి ఆకారం గురించి రెండు మాటలు. రీడ్‌కు ఎదురుగా ఉండే లోపలి వాలును బాఫిల్ అంటారు. అది ఎత్తుగా, రీడ్‌కు దగ్గరగా ఉంటే శబ్దం పదునుగా దూరం పోతుంది, లోతుగా ఉంటే గుండ్రంగా మెత్తగా ఉంటుంది. కొన అంచు మరీ సన్నమైతే తొందరగా పలుకుతుంది కానీ తొందరగా కీచుమంటుంది, మందమైతే మొద్దుగా ఆలస్యంగా పలుకుతుంది. ప్లాస్టిక్ కంటే ఎబొనైట్ నాదం గొప్పదని అందరూ అంటారు. నా అనుభవంలో తేడా తెచ్చేది పదార్థం కంటే కోత. ఎబొనైట్‌ను శుభ్రంగా, కచ్చితంగా కోయవచ్చు, అందుకే మంచివాళ్లు దాంతోనే చేస్తారు. గాజువి కూడా ఉన్నాయి, కొలత ఎప్పటికీ మారదు, చేయి జారితే మాత్రం అంతే సంగతులు.

నీ 4సి పీలగా ఉందన్నావు. తమ్ముడూ, అది చెడ్డ మౌత్‌పీస్ కాదు, నేర్చుకునేవాడి కోసం చాలా జాగ్రత్తగా చేసింది. పీలగా ఎందుకుందో చెప్తాను. దాన్ని నువ్వు మరీ కొంచెమే నోట్లో పెట్టుకుంటూ ఉండి ఉంటావు. ఒక కాగితం ముక్క తీసుకుని రీడ్‌కూ మౌత్‌పీస్‌కూ మధ్య సందులోకి మెల్లగా జార్చు, ఎక్కడ ఆగిపోతే అక్కడ రీడ్ మీద పెన్సిల్ గీత గియ్యి. నీ కింది పెదవి ఆ గీత దగ్గర ఉండాలి. చాలామంది అంతకంటే బాగా ముందుకు, కొస దగ్గర పట్టుకుంటారు, అక్కడ రీడ్‌ను ఊగనివ్వరు, శబ్దం దోమలా వస్తుంది. కొంచెం లోపలికి పెట్టుకుంటే మొదటి రెండు రోజులు కీచుమంటుంది, భయపడకు, బుగ్గలు పొంగకుండా పెదవి మూలలు గట్టిగా పట్టుకుంటే తగ్గిపోతుంది. పై పళ్లు మౌత్‌పీస్ మీద ఆనాలి. అక్కడ అంటించుకునే చిన్న రబ్బరు ముక్క దొరుకుతుంది, అంటించుకో, పళ్ల అదురు తగ్గుతుంది, కొరకడమూ తగ్గుతుంది.

కాబట్టి మూడు వారాలు 4సి మీద, 2.5 రీడ్‌లతో, ఈ గీత చూసుకుంటూ వాయించు. పుండు మానాలి కూడా కదా. పుండు ఉన్న పెదవితో ఏ మౌత్‌పీస్ పరీక్షించినా అది చెప్పే తీర్పు తప్పుడు తీర్పు. మూడు వారాల తర్వాత కూడా నాదం చాలడం లేదనిపిస్తే అప్పుడు కొను, అప్పుడు కొనడం న్యాయమే.

కొనడానికి మాత్రం వెళ్లాలి. ఫోటో చూసి, ఎవరో వీడియోలో వాయించింది విని ఆర్డరు పెట్టకు. వీడియోలో వినిపించేది ఆయన గొంతు, ఆయన దవడ, ఆయన ముప్పై ఏళ్లు. హైదరాబాద్, చెన్నైలలో పెద్ద వాయిద్యాల దుకాణాలున్నాయి, ముందే ఫోన్ చేసి పెట్టి చూడనిస్తారా అని అడిగి, నీ క్లారినెట్, నీకు అలవాటైన రెండు రీడ్‌లు, 2.5 ఒకటీ 3 ఒకటీ, నీ 4సి అన్నీ పట్టుకుని వెళ్లు. ఒక దుకాణంలో నన్ను ఊది చూడనివ్వలేదు, కొన్నాకే ఊదాలన్నారు. నేను మొహమాటపడి కొన్నాను, ఇంటికొచ్చాక రెండు నెలలు కుస్తీ పట్టి పక్కన పెట్టాను. ఊదనివ్వకపోతే నమస్కారం పెట్టి బయటికొచ్చేయ్.

దుకాణంలో ఏం వాయించాలన్నది ముఖ్యం. అందరూ చేసే పని, పెట్టగానే తమకు బాగా వచ్చిన పాట గట్టిగా ఊదడం. గట్టిగా ఊదితే ప్రతి మౌత్‌పీసూ బాగానే ఉంటుంది. నువ్వు అతి మెల్లగా ఊదు. అన్ని బెజ్జాలూ మూసి అన్నిటికంటే కింది స్వరాన్ని, గది అవతల ఎవరో నిద్రపోతున్నారనుకుని, వినిపించీ వినిపించనట్టు మొదలుపెట్టు. గాలి మొదలవగానే స్వరం మొదలైందా, ముందు కాసేపు ఉస్సుమని తర్వాత పలికిందా? నేను స్పందన అనేది దీన్నే. తర్వాత ఆ స్వరం మీదే వెనక బొటనవేలి కీ నొక్కు. క్లారినెట్ సన్నాయిలా, వేణువులా పై సా కి పోదు, సా పలికిన వేళ్ల పట్టుకే పై స్థాయి పా పలుకుతుంది, నీకు తెలుసు. ఆ సా నుంచి పై పా కి నాలుక తగలకుండా, పెదవి కదపకుండా జారాలి. మధ్యలో గుర్రుమని శబ్దం వచ్చినా, ఆలస్యంగా ఎగిరినా గుర్తుపెట్టుకో. అలా కింది నుంచి ఒక్కో స్వరం మీదా చేసుకుంటూ పైకి రా. తర్వాత గొంతు స్వరాలు, అంటే ఏ బెజ్జమూ మూయకుండా పలికే జి, ఎడమ చూపుడు వేలి కీతో పలికే ఎ, దానికి వెనక బొటనవేలి కీ కూడా కలిపితే పలికే బి ఫ్లాట్. ఏ క్లారినెట్‌లోనైనా అవి బొంగురే, కానీ వాటి నుంచి పై స్థాయిలోకి దాటినప్పుడు రెండూ ఒకే మనిషి గొంతులా ఉన్నాయా, ఇద్దరు మనుషులు మార్చి మార్చి పాడినట్టుందా? ఆ తర్వాత తుత్తుకారం, ఒకే స్వరం మీద త త త త అని వేగం పెంచుకుంటూ పో. ఏ వేగం దగ్గర స్వరం తడబడుతోందో మూడు మౌత్‌పీస్‌ల మీదా పోల్చు.

ఇంకో సంగతి. నీ పళ్ల ద్వారా, పుర్రె ఎముక ద్వారా నీకు వినిపించే శబ్దం, ఎదుటివాడికి వినిపించేది ఒకటి కాదు. నీకు లోపల గొప్పగా గుయ్యిమన్నది పదడుగుల దూరంలో మొద్దుగా ఉండొచ్చు. అందుకని ఫోన్‌ను గది అవతలి మూల పెట్టి రికార్డు చెయ్యి, ఒక్కో మౌత్‌పీస్ పేరు చెప్పకుండా ఒకటి, రెండు, మూడు అని మాత్రం చెప్పు. వీలైతే మీ నాన్నగారిని తోడు తీసుకెళ్లి అటు తిరిగి కూర్చోబెట్టు. పాతికేళ్లు వీధిలో విన్న చెవి అది, దాని కంటే మంచి కొలబద్ద నీకు దొరకదు. పది నిమిషాలకొకసారి ఆగు, పెదవి అలిసిపోయాక అన్నీ చెడ్డగానే ఉంటాయి. చివర్లో మళ్లీ మొదట ఊదినదానికి వచ్చి ఇంకోసారి చూడు.

ఇప్పుడు నీ పాటల సంగతి. మన తెలుగు క్రైస్తవ కీర్తనల్లో చాలావాటికి పైన రాగం, తాళం రాసి ఉంటాయి కదా. వాటిని వాయించేటప్పుడు స్వరం నిలబెడితే చాలదు, ఊపాలి, జార్చాలి. సగం బెజ్జం తెరిచి వేలితో కొంత చేస్తాం, మిగతాది పెదవితో చేస్తాం. మరీ మూసుకుపోయిన మౌత్‌పీస్, గట్టి రీడ్ జత స్వరాన్ని ఒకేచోట మేకు కొట్టినట్టు పట్టేస్తుంది, సింఫనీ వాళ్లకు అది వరం, గమకానికి అది అడ్డం. క్లారినెట్ మీద కర్ణాటక సంగీతం ఏ ఎత్తుకు పోగలదో తెలుసుకోవాలంటే తిరుచ్చి ఎ.కె.సి. నటరాజన్ గారి రికార్డింగులు విను, 2008లో సంగీత కళానిధి అందుకున్నాయన. ఆయన స్వరం నుంచి స్వరానికి పోయే దారి విను, ఎక్కడా మెట్లు కనిపించవు. కాబట్టి మరీ మూసినవి, ఎం13 లైర్ లాంటివి నీకు వద్దనే అంటాను. మరీ తెరిచినది ఇప్పుడు నీ పెదవి భరించలేదు. నీకు కావాల్సింది 1.09 నుంచి 1.20 మధ్యలో ఉంది, మెత్తటి వైపు రీడ్‌తో.

శ్రుతి విషయంలో దుకాణదారులు కూడా చెప్పని చిక్కు ఒకటుంది. వాన్‌డోరెన్‌లో మామూలు మోడళ్లు ‘ఎ’ 442 లెక్కకు చేసినవి, అదే మోడల్‌లో 13 సిరీస్ అని రాసినవి 440కి చేసినవి. మీ చర్చి కీబోర్డు 440. దానికి తోడు మన ఎండలు. గొట్టంలో గాలి వేడెక్కే కొద్దీ క్లారినెట్ శ్రుతి పైకి పోతుంది, కీబోర్డు పోదు. ఏప్రిల్, మే నెలల్లో తెనాలిలో ఫ్యాన్ల కింద పది పాటలు అయ్యేసరికి ఎంత పైకి పోతావో నువ్వే ఫోన్‌లో ట్యూనర్ పెట్టి చూసుకో. బారెల్ కొంచెం లాగి సరిపెట్టుకోవచ్చు, కానీ ఎక్కువ లాగితే పైన చెప్పిన గొడవే, గొంతు స్వరాలు మిగతావాటికంటే ఎక్కువ దిగిపోతాయి. అందుకని 4సి మీద కూడా నువ్వు ఎప్పుడూ పైనే ఉంటున్నావని తేలితే 13 సిరీస్ అడుగు. చల్లటి దేశాల్లో వాయించేవాళ్ల సలహా ఈ ఒక్కచోట మనకు పనికిరాదు.

సరే, పేరు చెప్పమన్నావు, చెప్తాను. 5ఆర్‌వి లైర్, ఎం30, బి45 మూడూ పెట్టి చూడు. ఏదీ పెట్టి చూసే వీలే లేదు, ఒక్కటే గుడ్డిగా తెప్పించుకోవాలి అంటే, నీ నోరు ఇప్పుడున్న స్థితికి నేను 5ఆర్‌వి లైర్ అంటాను. 4సికి దగ్గరగా ఉంటుంది, వెంటనే పలుకుతుంది, 2.5 నుంచి 3 దాకా రీడ్ ఏదైనా ఒప్పుకుంటుంది. మీ మాస్టారు చెప్పిన బి45 మంచిదే, నిండైన నాదం, గమకానికి చోటిస్తుంది. కానీ కొరికే అలవాటు ఉన్నవాడి చేతికి దాన్ని ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఆ అలవాటు పోయి ఆరు నెలలయ్యాక అయితే మొదట దాన్నే అంటాను. మీ ఫ్రెండు ఎం30 సంగతి, వంపు పొడుగు, మెత్తటి శబ్దం, నాకు చాలా ఇష్టమైన మౌత్‌పీస్. ఒక నెల అరువు అడుగు, కొనకుండా. అద్దం మీద ఆనించడం, గోటి పరీక్ష, ‘టప్’ పరీక్ష అన్నీ దానికీ చెయ్యి. వాడింది కదా అని సంకోచించనక్కర్లేదు, గోరువెచ్చని కంటే చల్లగా ఉన్న నీళ్లతో, కొంచెం సబ్బుతో కడిగి ఆరబెట్టు. లోపల తెల్లటి గార ఉంటే నిమ్మరసం కలిపిన నీళ్లలో కాసేపు ఉంచితే వదులుతుంది. వేడి నీళ్లు మాత్రం ఎప్పుడూ వద్దు.

లిగేచర్ కోసం మాత్రం ఇప్పుడు డబ్బు పెట్టకు. స్క్రూలు బిగుతుగా తిరిగి, రీడ్‌ను సమానంగా పట్టుకుంటే చాలు. మౌత్‌పీస్ మీద గీత ఉంటుంది, దానికి కిందనే ఉండాలి, పై స్క్రూ కింది దానికంటే కొంచెం వదులుగా ఉండాలి. తేడా ఉంటుంది, కానీ నీకు ఇప్పుడు కావాల్సిన తేడా అది కాదు.

నాన్నగారి మౌత్‌పీస్‌ను పారెయ్యకు, కానీ దాని మీద నువ్వు వాయించడం మాత్రం ఆపు. ఆయన పాత క్లారినెట్ ఇంట్లో ఉంటే దానికి తగిలించి మెత్తటి కొత్త రీడ్ పెట్టి ఆయన చేతికి ఇవ్వు. ఆ రెండూ కలిసి ఉన్నప్పుడు శ్రుతి ఎలా ఉందో ట్యూనర్‌లో చూడు, నా అంచనా నిజమైతే నీ యమహా మీద తప్పిన స్వరాలు అక్కడ కలుస్తాయి. ఆయనకు కట్టుడు పళ్లున్నా లేకపోయినా కింది స్వరాలు నాలుగైనా పలికిస్తారు. అప్పుడు ఆయన పెదవి రీడ్ మీద ఎక్కడ పెడుతున్నారో దగ్గర కూర్చుని చూడు. మూడు వారాల తర్వాత నాకు రెండు అంకెలు రాసి పంపు, నీ రీడ్ నంబరు, 4సి మీద అరగంట వాయించాక ట్యూనర్ చూపించిన ‘ఎ’.